బల్ల మీది... బుర్ర అందరిదీ!

మీట లాగి వదిలితే దూసుకెళ్లే ఉక్కు బంతి, టపటపా కొట్టుకునే రెండు రెక్కలు, గణగణ మోగే గంటలు, మిణుకుమనే దీపాలు... పిన్‌బాల్ అంటే ఇంతే అనుకుంటాం. కానీ ఆ బల్ల అడుగున ఓ బుర్ర ఉంటుంది. ఒకప్పుడు కంపెనీల గుప్పిట్లోనే ఉన్న ఆ బుర్రను ఇప్పుడు ఎవరైనా ఇంట్లో కూర్చుని తయారుచేసుకోవచ్చు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితం. వడ్రంగం, వైండింగ్, రిపేరీ తెలిసిన చేతులకు కొదవలేని హైదరాబాద్ పాతబస్తీకి ఈ కబురు తప్పకుండా నచ్చుతుంది.

దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియంలో రోజూ కనిపించే దృశ్యమిది. గంట కొట్టే వేళ దగ్గరపడితే చాలు... ఏ గదిలో ఏ బొమ్మను చూస్తున్నవాళ్లయినా సరే, గబగబా గడియారం దగ్గరికి వచ్చేస్తారు. పిల్లల్ని భుజాలకెత్తుకుని నాన్నలు, కొంగు పట్టుకున్న బుడతల్ని ముందుకు తోస్తూ అమ్మలు... అందరి చూపూ ఓ బుల్లి తలుపు మీదే. అది తెరుచుకుంటుంది. గడ్డం బొమ్మ ఒకటి బయటికొస్తుంది. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి, తన పని అయిపోయిందన్నట్లు లోపలికెళ్లిపోతుంది.

ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలతో కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ కంపెనీ కూర్చిన గడియారమది. అందులో 350కి పైగా భాగాలున్నాయని చెబుతారు. చిప్పు లేదు, కంప్యూటర్ లేదు. బొమ్మ ఎప్పుడు రావాలి, ఎన్నిసార్లు కొట్టాలి, ఎప్పుడు వెనక్కెళ్లాలి... అంతా చక్రాల పళ్లలోనే రాసిపెట్టి ఉంది. ఆ రాత కంటికి కనిపిస్తుంది. కనిపిస్తుంది కాబట్టే పనితెలిసినవాళ్లు చదవగలరు. చెడితే బాగుచేయగలరు.

పిన్‌బాల్ యంత్రం ఈ గడియారానికి వరసకు తమ్ముడే. కాకపోతే మధ్యలో దాని రాత కంటికి కనబడకుండా చిప్పులోకి వెళ్లి దాక్కుంది. దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చిన కథే ఇది.

మేకుల మధ్య గోళీ

చెక్కబల్ల, దానిమీద వరసగా కొట్టిన మేకులు, కింద ఓ స్ప్రింగు మీట, నాలుగైదు గోళీలు... ఓ తరం పిల్లలకు వేసవి సెలవులంటే ఇదే. మీట లాగి వదిలితే గోళీ పైకెళ్లి, మేకులకు తగులుకుంటూ ఏదో ఒక గదిలో పడేది. ఆ గది మీద రాసిన అంకే మన స్కోరు. ఆ ఆట పేరు బగటెల్. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో రాజకుటుంబీకుల విందుల్లో కాలక్షేపంగా వెలిగిన ఆట అది. అమెరికాలోని సిన్సినాటిలో ఉండే మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871లో దానికి స్ప్రింగు మీటను జతచేసి పేటెంటు తీసుకున్నాడు. 1931లో డేవిడ్ గాట్లీబ్ తయారుచేసిన 'బాఫిల్ బాల్' కాసు వేసి ఆడే బల్లగా అమెరికా అంతటా పాకింది. ఆర్థికమాంద్యంతో జేబులు ఖాళీ అయిన రోజులవి. చిల్లర కాసుతో కాసేపు బెంగ మరచిపోవడానికి జనం వాటి ముందు బారులు తీరారు.

అప్పటికింకా ఆటగాడి చేతిలో ఉన్నది ఒక్క మీటే. బంతిని వదిలాక దాని రాత దానిదే. 1947లో గాట్లీబ్ కంపెనీయే 'హంప్టీ డంప్టీ' అనే బల్లకు ఆరు రెక్కలు తగిలించింది. ఫ్లిప్పర్లంటే అవే. కిందపడబోయే బంతిని రెక్కతో కొట్టి మళ్లీ పైకి పంపొచ్చన్నమాట. దాంతో అదృష్టం వెనక్కి తగ్గి, చేతివాటం ముందుకొచ్చింది.

జూదమా... నైపుణ్యమా?

ఆ మాట నమ్మడానికి ప్రభుత్వాలకు మాత్రం చాలా కాలం పట్టింది. న్యూయార్క్ మేయర్ లా గార్డియా 1942లో పిన్‌బాల్‌ను జూదం కింద జమకట్టి నిషేధించాడు. వేలకొద్దీ యంత్రాలను పోలీసులు పట్టుకుపోతే, సుత్తి పట్టి వాటిని బద్దలు కొడుతూ ఫొటోలు కూడా దిగాడు. ఆ నిషేధం మూడు దశాబ్దాలకు పైగా సాగింది. చివరికి 1976లో రోజర్ షార్ప్ అనే యువ రచయిత నగర కౌన్సిల్ ఎదుట పిన్‌బాల్ ఆడి చూపించాల్సి వచ్చింది. ముందే ఏదైనా మతలబు చేసి ఉంటారేమోనని అనుమానించిన సభ్యులు, అసలు యంత్రాన్ని కాదని పక్కనున్న రెండోదాని మీద ఆడమన్నారు. అతను తొణకలేదు. బంతి మధ్య దారిలోంచి దిగుతుందని ముందే చెప్పి మీట లాగాడు. అది అక్కడినుంచే దిగింది. నిషేధం ఎగిరిపోయింది!

ఈ తగువు మనకూ కొత్తకాదు. 1963లో సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి రమ్మీ ఆడుతున్నవారి మీద కేసుపెట్టారు. నిజాం కాలంనాటి హైదరాబాద్ జూద చట్టం కింద నడిచిన ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1967 నవంబరులో న్యాయమూర్తులు తేల్చారు. న్యూయార్క్‌లో షార్ప్ మీట లాగడానికి తొమ్మిదేళ్ల ముందే మన జంటనగరాల పేకాట మీద అదే ప్రశ్న తేలిందన్నమాట. అయితే పందెం కాసి ఆడే ఆటలకు నైపుణ్యం పేరిట ఉన్న మినహాయింపును 2017లో తెలంగాణ ప్రభుత్వం తీసేసింది. ఇంట్లో చేసుకునే పిన్‌బాల్‌కు ఈ గొడవేం లేదు. కాసు వేసే కన్నమే ఉండదు కదా!

బుర్ర చిప్పులోకి...

తొలితరం యంత్రాల బల్ల ఎత్తి చూస్తే తీగల అడవి కనిపించేది. రిలేలు, అంకెల చక్రాలు, గరగర తిరిగే ఓ మోటారు... బంతి ఎక్కడ తగిలితే ఎన్ని పాయింట్లో వాటి అమరికే చెప్పేది. సాలార్‌జంగ్ గడియారం లాగానే. 1970ల ద్వితీయార్ధంలో మైక్రోప్రాసెసర్లు వచ్చాయి. తీగల అడవి మాయమై దాని స్థానంలో చేతివేలంత చిప్పు కూర్చుంది. ఆటలు రంగులు మార్చుకున్నాయి. యంత్రాలు మాట్లాడాయి, పాటలు పాడాయి. 1992లో వచ్చిన 'ఆడమ్స్ ఫ్యామిలీ' ఇరవై వేలకు పైగా అమ్ముడైంది.

కానీ ఓ చిక్కు వచ్చిపడింది. చిప్పులో ఏం రాశారో కంపెనీకే తెలుసు. స్ప్రింగు విరిగితే కొత్తది వేయొచ్చు. కాయిల్ కాలితే మళ్లీ చుట్టొచ్చు. చిప్పులోని ప్రోగ్రామును మాత్రం మెకానిక్ ముట్టుకోలేడు. ఇక ఆ కంపెనీయే మూతబడితే? 1999 అక్టోబరులో జరిగింది అదే. పేరుమోసిన విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ తయారీకి మంగళం పాడింది. యంత్రాలు కొన్నవాళ్ల చేతుల్లో బల్ల మిగిలింది. దాని బుర్రను విప్పి మార్చుకునే దారి మాత్రం లేదు.

దెయ్యం బంతి

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. మన ఇళ్లలోనూ జరిగింది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటర్ కొన్న ప్రతి ఇంట్లో, గల్లీగల్లీకీ వెలసిన ఇంటర్నెట్ కేఫ్‌ల్లో ఓ ఆట ఉండేది గుర్తుందా? నీలి ఊదా రంగుల అంతరిక్షం, కుడిచేతి వైపు స్కోరు... అదే 'స్పేస్ కాడెట్' పిన్‌బాల్. నెట్ రాకపోతే కేఫ్‌లో కుర్రాళ్లకు అదే దిక్కు.

ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టాలో అది కనిపించలేదు. ఎందుకు తీసేశారో మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ 2012లో బయటపెట్టాడు. పాత ఆటను 64 బిట్ కంప్యూటర్లకు తగ్గట్టు మారుస్తుంటే బంతికి దెయ్యం పట్టిందట! అంటే... గోడలకు తగలకుండా వాటిలోంచే వెళ్లిపోయేది. మీట దగ్గర పెట్టగానే మీటలోంచి జారి కింద పడిపోయేది. తప్పెక్కడుందో వెతుకుదామంటే, ఆ ప్రోగ్రామును ఎన్నో ఏళ్ల కిందట బయటి కంపెనీ ఒకటి రాసింది. ఏ వరస ఎందుకు రాశారో వివరించే వాక్యాలు లేవు. చదివినా అర్థంకాలేదు. చేసేదేంలేక ఆటనే పక్కన పెట్టేశారు. కోట్లమంది ఆడిన ఆట... దాని రాతను చదివేవాళ్లు లేక ఆగిపోయింది. ఆ తర్వాత 2021లో ఓ ప్రోగ్రామర్ పాత ఆటను విప్పి, కోడ్‌ను మళ్లీ రాసి అందరికీ అందుబాటులో పెట్టాడు. అంతే... రకరకాల కంప్యూటర్ల మీదికి ఆ బంతి మళ్లీ దూకింది.

ఓపెన్‌సోర్స్ అంటే ఇదే. వంటతో పాటు వంటకం రాసుకున్న కాగితాన్నీ చేతిలో పెట్టడం. ఎవరైనా చదువుకోవచ్చు, ఉప్పూకారం మార్చుకోవచ్చు, మార్చింది పక్కింటివాళ్లకూ ఇవ్వొచ్చు. హైదరాబాద్‌లో ఈ మాట కొత్త కాదు. తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 2005లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ ఇక్కడి ఇంజినీరింగ్ విద్యార్థులను కూడగట్టింది ఈ సూత్రం మీదే.

తలా ఓ చేయి

పిన్‌బాల్ పిచ్చోళ్లకు మరి ఆ కాగితం ఎలా దొరికింది? పాత యంత్రాల చిప్పును తీసేసి కంప్యూటర్‌ను తగిలించడానికి వీలుగా ముందు 'పీ-రాక్' అనే బోర్డు వచ్చింది. దానికోసం పైథాన్ భాషలో రాసిన ఓ ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామూ వచ్చింది. అది వాడాలంటే మాత్రం ప్రోగ్రామింగ్ బాగా తెలిసుండాలి. ఆ అడ్డూ తొలగించాలనుకున్నారు బ్రయాన్ మాడెన్, గేబ్ నట్ అనే ఇద్దరు అమెరికన్లు. 2014లో 'మిషన్ పిన్‌బాల్ ఫ్రేమ్‌వర్క్' మొదలైంది అలాగే. ఎంపీఎఫ్ అని ముద్దుపేరు. దాని లైసెన్సు ఎంత ఉదారమైందంటే... వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, దాంతో చేసిన యంత్రాన్ని అమ్ముకోవచ్చు కూడా. ఆ తర్వాత ఎందరో దేశదేశాల ఔత్సాహికులు తలా ఓ చేయి వేసి దాన్ని పెంచుతూ వచ్చారు.

బోర్డుల సంగతీ అంతే. ఎంపీఎఫ్ ఏ ఒక్క కంపెనీ బోర్డుకో కట్టుబడి లేదు. ఫాస్ట్, పీ-రాక్ లాంటి రెడీమేడ్ బోర్డులున్నాయి. ఖర్చు తగ్గాలనుకునేవాళ్ల కోసం హ్యూ స్పార్ అనే ఇంజినీరు 'ఓపెన్ పిన్‌బాల్ ప్రాజెక్ట్' పేరుతో చవక బోర్డుల నమూనాలను బయటపెట్టాడు. వాటిని చూసి సొంతంగా సోల్డరింగ్ చేసుకోవచ్చు.

ఇంట్లో చేసిన యంత్రాలు ఇంటికే పరిమితం కావాలనీ లేదు. స్కాట్ డనేసి అనే అభిమాని సొంతంగా తయారుచేసుకున్న 'టోటల్ న్యూక్లియర్ ఆనిహిలేషన్' ఆట నచ్చి, 2017లో స్పూకీ పిన్‌బాల్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. కొత్త పిన్‌బాల్ యంత్రం ధర వేల డాలర్లు పలుకుతుంది మరి.

నాలుగు మినార్ల ఆట

సరే... ఇదంతా ఎలా పనిచేస్తుంది? అర్థం కావడానికి మన పాతబస్తీనే బల్లమీద పరుద్దాం. ఆట పేరు 'చార్మినార్' అనుకోండి. సుమారు 20 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవున్న ప్లైవుడ్ బల్ల. వెనకవైపు ఎత్తుగా, ఆరున్నర డిగ్రీల వాలు. దాని మీద 80 గ్రాముల ఉక్కు బంతి.

మధ్యలో నాలుగు మినార్లు. బంతి తగిలితే కిందికి పడిపోతాయి. ఎడమపక్క లాడ్‌బజార్ దారి. దాని వెంట గాజుల్లా మెరిసే దీపాలు. కాస్త పైన గుల్జార్‌హౌజ్ గుంట. నాలుగు మినార్లూ పడితే గుంట వెలుగుతుంది. వెలుగుతున్న గుంటలో బంతి పడితే ఒకటి కాదు, మూడు బంతులు ఒకేసారి బల్ల మీదికి దూకుతాయి. ఇంక చూస్కోండి, పండగ ముందు రాత్రి లాడ్‌బజారే!

ఇందులో కంప్యూటర్‌కు తెలిసినవి మూడే... స్విచ్, కాయిల్, దీపం. బంతి ఎక్కడుందో స్విచ్ చెబుతుంది. బంతిని కొట్టేది కాయిల్, అంటే ఇనుప కడ్డీని లాగే రాగితీగ చుట్ట. ఎంపీఎఫ్‌లో చేయాల్సిందల్లా వీటికి పేర్లుపెట్టి, మామూలు టెక్స్టు ఫైల్లో వరసగా రాయడమే. మొదటి మినార్ ఫలానా స్విచ్. గుంటలోంచి బంతిని తోసేది ఫలానా కాయిల్. నాలుగు మినార్లూ పడ్డాయన్నది ఒక 'సంఘటన'. ఆ సంఘటన జరిగితే ఈ దీపం వెలగాలి, ఈ గంట మోగాలి, ఇన్ని పాయింట్లు రావాలి... అంతే. సరుకుల చీటీ రాసినట్టే. దాన్ని చదివి ఆట నడిపే భారం ఎంపీఎఫ్‌ది. బంతి ఎక్కడైనా ఇరుక్కుపోతే వెతికే పని, ఎన్ని బంతులు ఎక్కడెక్కడున్నాయో లెక్కపెట్టే పని, నలుగురు ఆడుతుంటే వంతులు గుర్తుంచుకునే పని... అన్నీ అందులో ముందే ఉన్నాయి. ప్రత్యేకంగా ఏదైనా కావాలంటే పైథాన్‌లో రాసుకోవచ్చు. తెరమీద బొమ్మలు, శబ్దాల కోసం ఇటీవలి వెర్షన్లు 'గోడో' అనే మరో ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామును వాడుతున్నాయి.

ఒక్క రెక్కల దగ్గర మాత్రం కిటుకుంది. బటన్ నొక్కగానే రెక్క కొట్టుకోవాలి. ఆ కబురు కంప్యూటర్ దాకా వెళ్లి రావాలంటే ఆలస్యం. క్యారమ్ ఆడేవాళ్లను అడగండి... వేలు కదిలిన వెంటనే స్ట్రైకర్ కదలకపోతే ఆటేముంది? అందుకే ఆట మొదలవగానే ఎంపీఎఫ్ ఆ సూత్రాన్ని బోర్డుకు అప్పజెప్పేస్తుంది. 'ఈ బటన్ నొక్కితే ఈ రెక్క లేపు, నన్ను అడగొద్దు' అని! దాంతో రెక్క చటుక్కున లేస్తుంది. బోర్డుది చేతివాటం, కంప్యూటర్‌ది ఆలోచన.

చేతులకు కొదవేంటి!

బల్ల చేయడానికి ఏం కావాలో ఓసారి జాబితా వేసి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ప్లైవుడ్ కోసి, రంధ్రాలు పెట్టి, పెట్టె కట్టాలి... వడ్రంగి పని. రాగితీగ చుట్టాలి... మోటార్ల వైండింగ్ పని. స్ప్రింగులు, రబ్బరు రింగులు, మేకులు... హార్డ్‌వేర్ దుకాణం సరుకు. స్విచ్‌లు, తీగలు, సోల్డరింగ్... కోఠి గుజరాతీ గల్లీలో తిరిగేవాళ్లకు తెలిసిన విద్య. పాత సామాను కావాలంటే పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్ ఉండనే ఉంది. లేజర్ కటింగ్ లాంటి పెద్ద యంత్రాలు కావాలంటే 2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ ప్రారంభమైంది.

అంటే చేతులున్నాయి. సరుకుంది. ఇన్నాళ్లూ లేనిదల్లా బుర్రే. బాగుచేయడంలో ఆరితేరిన మెకానిక్‌లు కూడా చిప్పు దగ్గరికొచ్చేసరికి 'ఇక మా చేతుల్లో లేదు' అనాల్సి వస్తోంది. ఫోన్, వాషింగ్ మెషీన్, ట్రాక్టర్... అన్నింటిదీ ఇదే కథ. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉండాలంటూ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసిందీ, అదే ఏడాది డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చిందీ అందుకే. పిన్‌బాల్ వినోదమే కావచ్చు. కానీ యంత్రం లోపలి రాతను చదవడం, రాయడం ఆటలోనే నేర్చుకున్న పిల్లలు రేపు ఏ యంత్రాన్ని చూసీ బెదరరు.

మొదలుపెట్టేముందు...

* బల్ల లేకుండానే మొదలుపెట్టొచ్చు. ఎంపీఎఫ్‌లో ఉత్తుత్తి యంత్రం పద్ధతి ఉంది. కీబోర్డు మీటలే స్విచ్‌లు. మామూలు కంప్యూటర్ చాలు.

* బల్ల ఫొటో తీసి తెరమీద పెట్టుకుని, ఏ స్విచ్ నొక్కితే ఏమవుతుందో చూసుకునే పరికరం కూడా ఉచితంగా దొరుకుతుంది.

* కాయిళ్లకు సాధారణంగా 48 వోల్టులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కావాలి. పవర్ సప్లయ్, వైరింగ్ పని పెద్దల చేతిమీదే జరగాలి. ఫ్యూజులు తప్పనిసరి.

* కాయిల్‌కు కరెంటు ఇవ్వాల్సింది కొన్ని మిల్లీసెకన్లే. పూర్తి కరెంటు అలాగే వదిలేస్తే కాలిపోతుంది. తొలిసారి పరీక్షించేటప్పుడు స్విచ్ కట్టేసే మనిషి పక్కనుండాలి.

* వివరాలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. పిల్లలు చదివి పెద్దలకు చెబితే, పెద్దలు చెక్క కోసి పిల్లలకిస్తే... పని చకచకా సాగుతుంది.

ఇంట్లో పిన్‌బాల్ తయారవడానికి నెలలు పట్టొచ్చు. మినార్ ఒకటి పడదు. బంతి గుంటలో ఇరుక్కుంటుంది. దీపం వెలగాల్సిన చోట గంట మోగుతుంది. ఫర్వాలేదు. తప్పెక్కడుందో వెతుక్కోవడానికి ఈసారి రాత మన కళ్లముందే ఉంది. అందుకే... ఎప్పుడు చూసినా ఆటలేనా అని పిల్లాణ్ని కసిరేముందు ఓసారి ఆ తెరవంక తొంగిచూడండి. ఆడుతున్నాడో... ఆటనే తయారుచేస్తున్నాడో!